చూరు నీళ్ల హక్కు

కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం. ఒడ్డు దగ్గర పడుతుంటే కొబ్బరి తలల సందుల్లోంచి పెంకుటి కప్పులు కనబడేవని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు ముందుగా కంటబడేవి డాబాల మీది నల్లటి నీళ్ల ట్యాంకులు. రేవు దిగి, క్షణముక్తేశ్వరుడికి ఒక దణ్ణం పెట్టుకుని ఊళ్లోకి నడిస్తే, ఎక్కడో ఒకచోట ఖాళీ జాగా ముందు రెండు రాతి మెట్లు మాత్రం మిగిలి ఉంటాయి. ఎక్కడానికి మెట్లున్నాయి, ఎక్కితే అరుగు లేదు.

ఆ మెట్లు ఏ ఇంటివో చెప్పను. ఒక ఇంటిపేరు చెబితే మిగతావాళ్లు తప్పించుకున్నట్టవుతుంది. ముక్తేశ్వరంలో, అయినవిల్లిలో, పేరూరు అగ్రహారంలో, లంకల్లో ఎక్కడ మండువా లోగిలి కూలినా కథ ఒకటే వరసలో నడిచింది. అందుకే ఆ ఇళ్లన్నిటి కథనూ ఒక ఇంటి కథగా చెబుతున్నాను.

కథ చెప్పడానికి ఆధారంగా మిగిలింది ఒక్క కాగితం. ఫొటోలు లేవు. కట్టిన మేస్త్రి పేరు ఎవరికీ గుర్తు లేదు. నక్షా అన్నది అసలు గీయనేలేదు. ఇంటిని గది గదిగా, గజం గజంగా వర్ణించిన రాత ఒకటే: పంపకాల దస్తావేజు. ఇల్లు ఎలా ఉండేదో అందులో ఉంది. ఎలా పోయిందో కూడా అందులోనే ఉంది.

మొదలు కరువు నుంచి. 1833లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు గోదావరి మండలాన్నీ వదల్లేదు. కళ్లెదుట నిండు గోదావరి సముద్రంలో కలుస్తుంటే ఒడ్డున జనం ఆకలికి చచ్చారు. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది, 1852కల్లా పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర తల ఎత్తిన మధ్య డెల్టా కాలువలు కోనసీమ నలుమూలలా పాకాయి. గన్నవరం దగ్గరైతే కాలువే వంతెనెక్కి, వైనతేయ పాయను దాటి, అవతలి లంకల్లోకి దిగింది. స్నాన సంకల్పంలో దొర పేరు చేర్చుకున్న పురోహితులుండేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాలువే సాగు, కాలువే బాట. ధాన్యం, కొబ్బరికాయ, పెళ్లివారు, పురిటికి వెళ్లే ఆడపడుచులు, అందరూ పడవల మీదే. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు. ఆ పడవల్లోనే ఇల్లూ వచ్చింది. రంగూను, మౌల్మీన్ల నుంచి ఓడల్లో కోరంగి, కాకినాడ రేవులకు దిగిన బర్మా టేకు; ఎగువ అడవుల నుంచి తెప్పలుగా గోదావరి మీద తేలి వచ్చిన దూలాలు; సముద్రపు ఒడ్డు నుంచి గుల్ల సున్నం. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెట్టిన కార్ఖానాతో మొదలైన అచ్చు పెంకు, కొన్నేళ్లకు రాజమండ్రి దాకా వచ్చి, కుమ్మరి సారె మీద తయారైన గూనపెంకును పక్కకు నెట్టింది.

రెండు పంటలు చేతికొచ్చినవాడు ఇల్లు కట్టాడు. కట్టినవాడికి తెల్లదొర బంగళా అంటే మోజు, తాతల నాటి చతుశ్శాల అంటే నమ్మకం. అందుకే వీధి వైపు ఒక ముఖం, లోపల ఇంకో ప్రాణం. వీధిలోకి పోత ఇనుప స్తంభాలు, కటకటాలు, తలుపు నెత్తిన రంగుటద్దాలు, నుదుట సున్నంతో ఎత్తి రాసిన కట్టుబడి సంవత్సరం. సింహద్వారం గడప దాటి నడవలోంచి లోపలికి వెళితే ఒక్కసారిగా ఆకాశం. అదే మండువా.

దాని పనితనం తెలిస్తేగాని దాని చావు అర్థం కాదు. నాలుగు పక్కలా నాలుగు కప్పులు, నాలుగూ లోపలికే వాలి ఉంటాయి. మూలల్లో ఏటవాలుగా పడుకున్న పెద్ద వాసం మీద రెండేసి కప్పులు భుజాలు ఆన్చుకుంటాయి. మధ్యన నేల జానెడు పల్లంగా ఉంటుంది. వాన పడితే నాలుగు చూర్ల నీళ్లూ ఆ పల్లంలోకి దూకి, తూములోంచి పెరట్లోకి, అక్కడి నుంచి బోదెలోకి పోతాయి. ఎండాకాలం లోపలి వేడి అటే పైకి పోతుంది. పగలు దీపం అక్కర్లేదు. తొలకరికి చూరు కింద ఇత్తడి బిందెలు పెట్టేవారు. ఆ చప్పుడు ఒక్కో బిందెకు ఒక్కోలా ఉండేదట. గోడలు గానుగ సున్నంవి. కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు పోసి, ఎద్దులతో తిప్పించి రుబ్బిన సున్నం. డెల్టా నేలలో చెమ్మ ఎప్పుడూ పైకి లాగుతూనే ఉంటుంది. ఆ సున్నం ఆ చెమ్మను పట్టి ఉంచదు, బయటికి వదిలేస్తుంది. అందుకే వందేళ్లు నిలబడింది.

ఇదంతా చెబుతూ ఒకటి దాచితే ఏడుపు అబద్ధమవుతుంది. ఆ ఇంటి గాదెలు నింపిన పాలేరు గడప ఇవతలే నిలబడ్డాడు. అతని మంచినీళ్లు దోసిట్లోకి పైనుంచి పడ్డాయి. పడమటింటి పక్క చీకటి గదిలో, తల గొరిగించుకున్న ఒక మేనత్త, పెళ్లి పందిరి వేసిన ప్రతిసారీ తలుపు వేసుకుని కూచుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన కబురు పడవ మీద ఈ ఒడ్డుకూ చేరే ఉంటుంది. ఆ గది తలుపు దాకా చేరిందో లేదో మరి. మండువాలోకి దిగిన వెలుతురు ఇంట్లో అందరి మీదా పడలేదు.

పతనం ఒక్క రోజున రాలేదు. మెట్టు మెట్టుగా దిగింది.

1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వచ్చింది. బండి దిగి, పంటు ఎక్కి, కోనసీమలోకి రావడం వైభవం. 1940లో యుద్ధం కోసం ఆ పట్టాలు పీకేశారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి ఈ సీమవాడే, కళా వెంకటరావు. తర్వాత కాలువ గట్లే రోడ్లయ్యాయి, బస్సులొచ్చాయి, పడవలు ఒడ్డున బోర్లాపడ్డాయి. కాలువను చూస్తూ కట్టిన ఇళ్లకు వీధి ఇంకో పక్కకు వెళ్లిపోయింది. 1973లో భూసంస్కరణల చట్టం. పొలం తగ్గింది, ఇల్లు తగ్గలేదు. ఏటేటా పెంకు సర్దించాలి, వాసాలకు నూనె పట్టించాలి, సున్నం వేయించాలి. ఆ ఖర్చు పెట్టింది ఎప్పుడూ మనుషుల జేబు కాదు, పొలమే. పొలం లేని మండువాకు గ్రాసం లేని ఏనుగు గతే పట్టింది. ఆ చట్టాలు న్యాయమైనవే. న్యాయం జరుగుతున్నప్పుడు కూడా కూలేవి కొన్ని ఉంటాయి.

ఇక ఆ కాగితం. తండ్రి పోయాక అన్నదమ్ములు కూచుని రాయించుకున్నది. దస్తావేజు లేఖరి కవి కాదు. అతనికి అందం అక్కర్లేదు, హద్దులు కావాలి. అందుకే ఏ కవీ చూడనట్టు చూశాడు. వీధి అరుగు ఎన్ని గజాలు, నడవలో ఎవరి వాటా ఎక్కడ ఆగుతుంది, అటక నిచ్చెన ఎవరిది, నూతి గిలక ఏ పక్కకు, పెరటిలో మామిడి మొదలు ఎవరి హద్దులో, కొమ్మ ఎవరి హద్దులో, అన్నీ రాశాడు. ఎ షెడ్యూలు పెద్దవాడికి, బి షెడ్యూలు చిన్నవాడికి. సింహద్వారం ఉమ్మడి. తూము ఉమ్మడి. చివర ఇలాంటి దస్తావేజుల్లో తరచూ కనబడే ఒక షరతు: ఒకరి చూరు నీళ్లు రెండోవారి జాగాలో పడితే అభ్యంతరం చెప్పకూడదు.

ఇల్లు చచ్చింది ఆ షరతు దగ్గరే. మండువా మధ్యన గోడ లేచింది. పంచుకున్నది రెండు వాటాలు, కప్పు మాత్రం ఒకటే శరీరం. పెద్దవాడు తన వైపు పెంకు దింపి రేకులు వేశాడు. మూల వాసానికి ఒక భుజం పోయింది. రెండో వైపు కప్పు ఒరిగి ఆ సందులోంచి నీళ్లు దూలంలోకి దిగాయి. గోడకు తూము మూసుకుపోయింది. పల్లంలో నిలిచిన నీళ్లు పునాది తాగింది. చెమ్మ కనబడిందని సున్నం గీకి సిమెంటు పూశారు. లోపలి తడి బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. చెద దూలం ఎక్కింది. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరి వాటా వాళ్లు బాగు చేసుకున్నారు, అంతే.

అప్పటికి గోదావరి కూడా వచ్చింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పదేళ్లకు, 1996 నవంబరు 6 రాత్రి, తుపాను. కొబ్బరి చెట్లు తలలు తెగి, మొదళ్లతో లేచి పడ్డాయి. లేచిపోయిన పెంకులు మళ్లీ నేయడానికి చేతిలో పంట లేదు. చెట్టు పోయిన రైతుకు కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఆదాయం లేదు. ఇల్లు దానికోసం ఆగలేకపోయింది. గాలి పడగొట్టిందని లెక్కల్లో రాసుకున్నారు. గాలికి దారి చూపించింది గోడ.

పిల్లలు హైదరాబాదు, అక్కడి నుంచి అమెరికా. యానాం, యెదుర్లంకల మధ్య వంతెన పడ్డాక పంటు మీద రద్దీ కూడా పలచబడింది. ఇంటికి తాళం పడింది. తాళం వేసిన ఇంటికి ముందుగా వచ్చే చుట్టం కలప వ్యాపారి. దూలం లెక్క వేరు, తలుపు లెక్క వేరు, స్తంభం లెక్క వేరు. లోగిలి మొత్తాన్ని కొనేవాడు దొరకడు, విడి ముక్కలకు మాత్రం ఎప్పుడూ గిరాకీయే. సింహద్వారం ఏ రిసార్టులోనో, ఏ హోటల్లోనో గడప లేకుండా గోడకు ఆనించి ఉంటుంది. ఎవరో దాని ముందు ఫొటో దిగుతారు.

కాపాడే చట్టం లేదా అంటే, ఉంది. కేంద్రానికి 1958లో, రాష్ట్రానికి 1960లో ప్రాచీన కట్టడాల చట్టాలొచ్చాయి. వాటి చూపు గుళ్ల మీద, కోటల మీద, బౌద్ధ స్తూపాల మీద. మనిషి వండుకు తిని పడుకున్న ఇల్లు ఆ చూపుకు ఆనదు. హైదరాబాదులో 1981 నాటి నగరాభివృద్ధి సంస్థ నిబంధనల్లో 13వది పాత భవనాలకు కొంత అండగా నిలిచింది. 2015 డిసెంబరులో దాన్నీ తీసేశారు. మహానగరానికే నిలవని గొడుగు పల్లెకు ఎక్కడిది? పుదుచ్చేరిలో మాత్రం వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ వాళ్లు వీధులు తిరిగి ఇంటింటినీ జాబితాకెక్కించారు. ఫ్రెంచి ఇళ్లతో సమానంగా తమిళ ఇళ్లనూ నిలబెట్టారు. ఆ పుదుచ్చేరి పాలనలోని యానాం మన గౌతమి ఒడ్డునే ఉంది. పాలన ఏరు దాటింది, ఆ బుద్ధి దాటలేదు.

రాజమండ్రిలో ఒక పాత ఇల్లు నిలబడి ఉంది. వీరేశలింగం పంతులుగారి ఇల్లు, ప్రభుత్వ సంరక్షణలో. చీకటి గది తలుపు తియ్యమన్న మనిషి ఇల్లు మిగలడం ధర్మమే. అయితే ఆ చీకటి గది ఎలా ఉండేదో, ఎంత ఇరుకో, దాని కిటికీ ఏ వైపుకు తెరుచుకునేదో చూపించే ఇల్లు కూడా ఒకటి మిగిలి ఉండాల్సింది. అది లేకపోతే ఆయన దేనితో పోరాడారో ఎలా తెలుస్తుంది?

ఇల్లు మిగలకపోతే కనీసం కొలతలైనా మిగలాలి. అందుకు పెద్ద సంస్థలు రానక్కర్లేదు. ఒక టేపు, ఒక గళ్ల కాగితం, ఇంట్లో పుట్టి పెరిగిన ఒక ముసలావిడ పక్కనుంటే చాలు. తలుపుకో ఫొటో, గదికో కొలత, వాడుకలో దాని పేరు, అందులో ఎవరు పడుకునేవారు, ఎవరు పడుకోకూడదు. ముసలావిడ లేకపోతే దస్తావేజు ఉంది. ఎ షెడ్యూలు హద్దులు ఒక రంగులో, బి షెడ్యూలు హద్దులు ఇంకో రంగులో కాగితం మీద గీసి చూడండి. విడదీయడానికి రాసిన మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అరుగు అరుగును కలుస్తుంది, నడవ నడవను కలుస్తుంది. మధ్యన, ఏ రంగూ వేయనక్కర్లేని ఒక చదరం మిగులుతుంది.

ఆ చదరాన్ని చూడాలంటే వానాకాలంలో వెళ్లాలి. కోటిపల్లి, ముక్తేశ్వరాల మధ్య నదిలో కొత్త రైలు వంతెన స్తంభాలు తడుస్తూ ఉంటాయి. పంటు దిగి, ఆ మెట్ల దాకా నడిచి, పైకెక్కి నిలబడితే జాగా అంతా గడ్డి. జోరుగా ఒక వాన కురిసి వెలిశాక నీళ్లన్నీ ఇంకిపోతాయి, ఒక్కచోట తప్ప. అక్కడ జానెడు పల్లంలో, సరిగ్గా నలుచదరంగా, నీళ్లు నిలుస్తాయి. చుట్టూ చూరు లేదు, తూము లేదు, అభ్యంతరం చెప్పేవాళ్లూ లేరు. ఉమ్మడిగా రాసుకున్నది అదొక్కటే చెల్లుబాటులో ఉంది.