కోనేటి బురద

జీర్ణోద్ధరణమనగానే మన దృష్టి విమానముపైకి, ప్రాకారముపైకి పోవును. కోనేటి అడుగున నున్న బురదను తలచువారరుదు. గర్భాలయ కార్యము ముగిసినది, కోనేటి పని మిగిలియున్నది. కావున ఈ నాలుగు మాటలు.

తామరకు పంకజమను నామము ఊరక రాలేదు. దాని దుంప బురదయందే బ్రతుకును. విత్తు మరింత గట్టిది. చైనా దేశమున ఎండిన సరస్సు మట్టిలో దొరికిన సుమారు 1300 ఏండ్లనాటి తామరవిత్తు మొలకెత్తినదని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చును. వేసవిలో నీరింకినను తడిబురదలో దాగి తొలకరివరకు ఓర్చుకొనును. కప్పలు, నత్తలు సరేసరి.

మా బాల్యమున ఈ నూజివీడు సీమలో ఎండకాలము పూడికమన్నును బండ్లపై మామిడితోటలకు తోలెడివారు. పైపొరయే పోయెడిది, అడుగుబురద నిలిచెడిది. నేడు అడుగంతయు సిమెంటు పోసిన శుభ్రముగానుండునని కొందరందురు. నాకది సమ్మతము కాదు. మెట్లకు రాయి, సిమెంటు చాలును.

గుర్రపుడెక్క సంగతి వేరు. ఊదాపూలు చూచి కలువజాతియని నేనును ఒకప్పుడు భ్రమపడితిని! దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్క 19వ శతాబ్దాంతమున బెంగాలు దారిన మన దేశము చేరినది. అది నీటిని కప్పి వెలుతురును, గాలిని అడ్డగించును. మనకు దిగువనున్న కొల్లేరు 2002లో రామ్‌సార్ జాబితాకెక్కినను దాని బెడద తప్పలేదు. చేపలచెరువుల గట్లు మరియొక బాధ. 2006లో ప్రభుత్వము వానిలో చాలవానిని తొలగించినది.

కావున పూడిక తీయునపుడు తామరదుంపలను, చేపపిల్లలను తొట్లలో భద్రపరచి, తొలకరి నీరు చేరగానే మరల విడువవలెను. గుర్రపుడెక్కను మాత్రము వేళ్ళతో పెరికి గట్టున ఎండబెట్టవలెను.