నేటాలులో తెలుగు ప్రచారకుడు: 1903 నాటి తొలి మాసములు

తెలుగుదేశమునందలి క్రైస్తవ ప్రచారమును గూర్చి వ్రాసినవారు సాధారణముగా ఓడరేవు కడ కథ నారంభింతురు. దూరదేశము నుండి దొర యొకడు ఓడ దిగును, మున్షీని కుదుర్చుకొని భాష నేర్చును, బడి పెట్టును, గ్రంథమును తెనిగించును. ఈ కథలో తెలుగువాడు వినువాడే గాని వచ్చినవాడు కాడు. 1903లో ఈ క్రమము తలక్రిందయ్యెను. నెల్లూరు కేంద్రముగా గల తెలుగు బాప్టిస్టు సంఘముల హోమ్ మిషనరీ సొసైటీ జాన్ రంగయ్య అనునాతనిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ప్రచారకునిగా బంపెను. 1866లో జన్మించిన ఆతనికి అప్పటికి సుమారు 37 సంవత్సరములు. భార్యాబిడ్డలతో 1903 నడిమి నెలలలో నేటాలు చేరి, ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీననే కియర్స్నీ తేయాకు తోటలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘమును నెలకొల్పెను. క్రొత్త దేశమున అడుగిడినవాడు ఇంత స్వల్పకాలములో సంఘమును గట్టుట ఎట్లు సాధ్యమయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము నుద్దేశము.

నెల్లూరి మనిషి నేటాలునకు బోయిన కథతో శ్రీకాకుళ విజయనగర ప్రాంతములకు సంబంధమేమి యని పాఠకులకు తోచవచ్చును. సంబంధము రెండు విధములుగా గలదు. మొదటిది ఆతనిని బంపిన సంఘము పుట్టుకకు జెందినది. రెండవది ఆతడు చేరిన ప్రజల పుట్టినూళ్లకు జెందినది.

మొదటిదానిని సంగ్రహముగా జెప్పుదును. కళింగాంధ్ర తీరమున ప్రొటెస్టంటు ప్రచారము 1805లో లండను మిషనరీ సొసైటీకి జెందిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అనువారు విశాఖపట్నము వచ్చుటతో ఆరంభమయ్యెను. వారి తొలికాలమంతయు భాషాభ్యాసమునకే చెల్లినది. క్రాన్ 1809లోను, డి గ్రాంజ్ 1810లోను మరణించిరి. వారి కృషి ఫలితమైన సువార్తల అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చయినది. 1836లో అమెరికను బాప్టిస్టు ప్రచారకుడు శామ్యూల్ డే కలకత్తా మీదుగా విశాఖపట్నము చేరెను. అచ్చటినుండి శ్రీకాకుళము వచ్చి తన తెలుగు జీవితమును ఆ పట్టణముననే ప్రారంభించెను. 1837లో చెన్నపట్టణమునకును, 1840లో నెల్లూరునకును తరలిపోయెను. నెల్లూరి మిషను చిరకాలము ఫలింపలేదు. దానిని మూసివేయవలెనా యను చర్చ 1853లో అమెరికాలో జరిగినది. పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవు వెన్నంటి వచ్చిన ఆ మార్పుతో సంఘము పెరిగినది. ఆ సంఘమే మరి పాతికేండ్లకు సముద్రము దాటించి తన మనిషిని బంపగలిగినది. శ్రీకాకుళమున నాటి నెల్లూరున నాటుకొన్న మొక్క నేటాలులో కొమ్మ వేసిన దన్నమాట.

ఇక రెండవ సంబంధము. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మదరాసు నుండి డర్బను చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలునకు బోయిరి. వారిలో ఎక్కువ భాగము మదరాసు రాజధానివారు. అందు తమిళులతో పాటు విశాఖపట్నము, గంజాము, గోదావరి మండలముల తెలుగువారును గలరు. కరవులకు నోచిన నేల యిది: 1866లోను, 1889లోను గంజాము, 1896-97లో గంజాము, విశాఖపట్నము రెండును క్షామము పాలయ్యెను. పని వెదకుకొనుచు బయలుదేరినవారిలో కొందరు బర్మాకు, కొందరు మారిషసునకు, కొందరు నేటాలునకు బోయిరి.

పరిశోధక విద్యార్థు లిచ్చట ఒక విషయమును గమనింపవలెను. ఓడల జాబితాలలో ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై గుర్తులు వ్రాయబడియున్నవి. వానిలో 'శ్రీకాకుళము జిల్లా' అనుదానిని వెదకిన కనబడదు. ఆ జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడినవి. ఆనాడు శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట ప్రాంతములు గంజాములో నుండెను. విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము, పాలకొండ ప్రాంతములు విశాఖపట్నము జిల్లాలో నుండెను. కావున గంజామని కనబడినంతనే ఒడియావాడని తీర్మానించుట పొరపాటు. తాలూకా పేరు చూచిన పిమ్మటనే నిర్ణయింపవలెను. ఈ చిన్న పొరపాటు వలన మన యూళ్లవారు మన చరిత్రలో లేకుండ బోవుదురు.

రంగయ్య చేరునాటికి ఈ జనుల స్థితి యెట్టిది? ఒప్పందము ఐదేండ్లకు. మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగుల జీతము. ఏడాదికొక షిల్లింగు పెరిగి ఐదవయేట 14 షిల్లింగులగును. బియ్యము, పప్పు మొదలగునవి బత్తెముగా ఇచ్చెడివారు. వారమునకు ఆరు దినములు పని. యజమాని వ్రాసియిచ్చిన చీటి లేక తోట దాటిపోరాదు. 1895 నాటి చట్టము ప్రకారము, అటుపిమ్మట వచ్చినవారు గడువు తీరగనే తిరిగి ఒప్పందము వ్రాయవలెను, లేక స్వదేశము పోవలెను, లేక యేటేట 3 పౌనులు పన్ను కట్టవలెను. 3 పౌనులనగా 60 షిల్లింగులు. మొదటి యేటి కూలీకి అది ఆరు నెలల జీతము. రంగయ్య వచ్చిన 1903లోనే ఈ పన్నును 16 ఏండ్లు నిండిన కొడుకులకును, 13 ఏండ్లు నిండిన కూతుండ్రకును విస్తరింపజేయు చట్టము వచ్చినది. పెండ్లియీడు బిడ్డలున్న కుటుంబమునకు ఇది మోయరాని బరువు.

ఈ కష్టములు తమిళునకు, హిందీవానికి, తెలుగువానికి సమానమే. తెలుగువానికి మాత్రము మరియొక లోటు గలదు. నేటాలు భారతీయులలో క్రైస్తవ ప్రచారము అంతకు మునుపే యున్నది. మెథడిస్టు ప్రచారకుడు రాల్ఫ్ స్టాట్ సింహళమున తమిళము నేర్చిన అనుభవముతో 1862లోనే అచ్చటికి వచ్చినవాడు. కాని ఆ ప్రచారములు తమిళమును, తరువాత హిందీని ఆశ్రయించి నడచినవి. 1903 జూన్ 4వ తేదీన గాంధీగారి ప్రోత్సాహముతో డర్బనులో 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక వెలువడినది. అది ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషలలో అచ్చయ్యెను; తెలుగులో కాలేదు. తన పన్నును గూర్చియు, తన కూలిని గూర్చియు జరుగు చర్చను తెలుగువాడు పరభాషలో వినవలసినవాడే. రంగయ్య ఓడ దిగిన నాటి పరిస్థితి ఇది.

ఈ నేపథ్యమున చూచిన ఆరుమాసముల రహస్యము తేటపడును. నేటాలు తోటలలో చెదరియున్న తెలుగు బాప్టిస్టులు తమకు తమ భాషలో బోధించు కాపరి కావలెనని స్వదేశ సంఘములను కోరిరి. ఆ కోర్కెకు ప్రత్యుత్తరముగా వచ్చినవాడు రంగయ్య. అనగా సంఘము ముందు, ప్రచారకుడు వెనుక. క్రాన్, డి గ్రాంజ్, డే మొదలగువారు వినువారిని వెదకుకొనుచు వచ్చిరి. రంగయ్యను వినువారే వెదకి పిలిపించిరి. వారికి తొలి మాసములు భాషకు చెల్లినవి. ఆతనికి భాష యుండెను, లేనిది కాలము. కూలీకి ఆదివారమొక్కటే తీరిక. తోటకును తోటకును నడుమ మైళ్లు. చీటి లేక కదలరాదు. కావున జనము గురువు కడకు రాజాలరు, గురువే తోట తోటకు బోవలెను. సంఘము నేర్పడజేసిన 1903 డిసెంబరు 27 ఆదివారమే యగుట యాదృచ్ఛికముగా దోచదు.

స్థలమును గూర్చియు ఒక మాట. కియర్స్నీ డర్బనునకు ఉత్తరమున, స్టాంగరు పట్టణ ప్రాంతమున నున్నది. ఆ పట్టణమును నేడు క్వాడుకుజా అందురు. తోట యజమాని సర్ లీజ్ హలెట్ మెథడిస్టు. నేటాలు రాజకీయములలో పేరొందినవాడు. యజమాని సమ్మతి లేక తోటలో సభ జరుగుట సాధ్యము కాదు. కావున ఈ సంఘము స్వతంత్రముగా బుట్టినదని పొగడుటయు, యజమాని నీడన బుట్టినదని తెగడుటయు సగము సత్యములే. బాప్టిస్టు సంప్రదాయమున సంఘ మనగా సభ్యుల యొడంబడిక. సభ్యుని జేర్చుకొనుట, తొలగించుట, పెద్దల నెన్నుకొనుట సభ్యులే చేయుదురు. జీతము, పని, నివాసము, కదలిక ఏదియు తన చేతిలో లేని కూలీకి, ఆదివారము నాడు చేయి యెత్తి తన సమ్మతి దెలుపు స్థానమొకటి లభించినది. గడువు తీరు వరకు మార్పరాని గిర్మిటునకు వ్రేలిముద్ర వేసినవాడు తన యిష్టమున జేసికొన్న రెండవ యొడంబడిక ఇది. దీని విలువ ఇందే కలదని నా యభిప్రాయము.

మరియొక సూక్ష్మ విషయము. తెలుగు పల్లెలలో కలెక్టరును 'దొర' యనిరి. మిషనరీని 'దొర' యనిరి. నేటాలులోను తోట యజమాని దొరయే. రంగయ్యతో మొదటిసారి ప్రచారకుడు వేరు, దొర వేరు అయ్యెను. ఆతడు చీటి అడిగించుకొను జాతివాడే. తెల్లవారి రాజ్యములో నల్లవాడే. ఆతని మాటకు బలము పదవి వలన గాక బంధుత్వము వలన కలుగవలసియుండెను. అట్లని దూరము లేకపోలేదు. నెల్లూరి పలుకుబడికిని, వంశధార నాగావళుల నడిమి పలుకుబడికిని గల భేదము మన మెరిగినదే. పైగా నేటాలు తెలుగువారిలో క్రైస్తవులు స్వల్పసంఖ్యాకులు. ఉత్తరాంధ్రము నుండి బోయిన అధికసంఖ్యాకులు తమ గ్రామదేవతలను, రామభజనలను వెంట గొనిపోయిన హిందువులు. వారిని తన మతమునకు ద్రిప్పుటయు రంగయ్య పనిలో భాగమే. ఒకే భాష మాట్లాడుటచే సన్నిహితులైనవారు విశ్వాసము చేత భిన్నులుగా నుండిరి.

ఈ కృషి పరిమితులను దాచరాదు. సంఘమేర్పడినందున పన్ను తగ్గలేదు. అది 1913 నాటి సమ్మె పిమ్మట 1914 చట్టముతో రద్దయినది. చుట్టునున్న జూలూ జనులకు ఈ ప్రచార ముద్దేశింపబడలేదు. 1914 ప్రాంతమున సంఘము రెండు శాఖలుగా చీలినది. 1915లో రంగయ్య నేటాలులోనే మరణించెను. అయినను సంఘములు నిలిచినవి. హిందువులైన తెలుగువారును 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషారక్షణకు పూనుకొనిరి. తరతరములు గడచిన కొలది ఇంగ్లీషు ఇండ్లలోనికి జొచ్చి, తెలుగు వాడుక క్షీణించినది. ఏ భాష కొరకు కాపరిని పిలిపించిరో ఆ భాషయే తరువాతి తరములకు పరాయిదయ్యెను.

ఇంతకు తేలినదేమి? నేటాలు తెలుగు సంఘ స్థాపనను రంగయ్య ఒక్కని ఘనతగా జెప్పుట ఆచారమైనది. ఆతని సాహసమును తగ్గింపరాదు. కాని ఆతని తొలి మాసములు సఫలమగుటకు మూలము, ఆతడు రాకమునుపే తోటల యిండ్లలో కూడి తమ భాషలో ప్రార్థించుకొనిన కూలీలు. ప్రచారకుల జీవితములు వ్రాయబడినవి. పిలిచినవారి జీవితములు వ్రాయబడలేదు. ఓడ జాబితాలలోని గ్రామనామములను సంఘముల సభ్యపట్టికలతో పోల్చి చూచిన, వారెవరో, ఏ తాలూకా వారో కొంతవరకైన తేలును. శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల పరిశోధక విద్యార్థులకు ఇంతకంటె దగ్గరి పని వేరొకటి లేదు. ఆ గ్రామములు వారి గ్రామములే. ఆ యింటిపేర్లు నేటికిని వారి హాజరుపట్టీలలో నున్నవి.