షక్కరున్న తల్లి, బొద్దు బిడ్డ

మా నర్సాపూర్‌లో బాలింతను చూడబోతే ముందు అడిగేది బిడ్డ బరువే. నాలుగు కిలోలంటే చాలు, దిష్టి తియ్యమంటాం. అంత బొద్దుబిడ్డ పాలు తాగక మగతగా ఎందుకు పడుకున్నదని అడిగేవాళ్లు తక్కువ. తల్లికి కడుపు రాకముందునుంచే షక్కర్ బీమారీ ఉంటే అది అడగవలసిన ప్రశ్నే. జవాబు దొరకడానికి లోకానికి చాలా ఏళ్లు పట్టింది.

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీశారు. అంతకుముందు చిన్నప్పుడే ఈ జబ్బు పట్టిన ఆడపిల్ల పెళ్లీడుదాకా బతకడమే అరుదు. సూది వచ్చాక తల్లులు బతికారు గాని, బిడ్డలు చాలామంది కడుపులోనే పోతుండేవారు. 1924లో ప్రిసిల్లా వైట్ అనే డాక్టరమ్మ బోస్టన్‌లో జోస్లిన్ గారి వైద్యశాలలో చేరారు. అప్పట్లో అక్కడ నూటికి 54 మంది బిడ్డలే దక్కేవారు. 1974లో ఆవిడ విరమించేనాటికి 90 దాటింది. జబ్బు ఎన్నేళ్లది, కళ్లు, కిడ్నీలు ఎలా ఉన్నాయి అని చూసి తల్లులను తరగతులుగా విడదీసి, తగినట్టు కనిపెట్టుకుని ఉండడం ఆవిడ పద్ధతి. బాంటింగ్ పేరు పాఠాల్లో ఉంది. ఈవిడ పేరు మనలో ఎందరం విన్నాం?

బొద్దుతనం సంగతి విప్పి చెప్పింది డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్, 1950 దశకంలో. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు పోతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. (సూది వేసుకుంటే బిడ్డకు చేటని భయపడేవారు ఈ మాట గుర్తుంచుకోండి.) వచ్చిపడే చక్కెరకోసం బిడ్డ తానే ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుని ఒళ్లు చేస్తుంది. బొడ్డు కోయగానే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ ఆగదు. కొద్ది గంటల్లోనే బిడ్డకు చక్కెర పడిపోయి వణుకు, మగత, ఒక్కోసారి ఫిట్లు. అందుకే గంటలోపే తల్లిపాలు పట్టాలి, మడమనుంచి రక్తపుచుక్క తీసి పరీక్ష చెయ్యాలి. హైదరాబాదు మనకు యాభై కిలోమీటర్లు. కాన్పు ఎక్కడన్నది నొప్పులు రాకముందే తేల్చుకోవాలి.

అంతకన్నా ముందు మాట ఇంకొకటుంది. బిడ్డ గుండె, వెన్నుపాము రూపు కట్టేది మొదటి ఏడెనిమిది వారాల్లోనే. నెల తప్పిందని లెక్కపెట్టుకుని, అత్తగారికి చెప్పి, డాక్టరు దగ్గరికి పోయేసరికి ఆ పని చాలావరకు అయిపోయి ఉంటుంది. చక్కెర అదుపు తప్పి ఉంటే లోపాలు అప్పుడే పడతాయి. కాబట్టి మూడు నెలల చక్కెర తెలిపే హెచ్‌బిఏవన్‌సి పరీక్ష 6.5 శాతం లోపుకు తెచ్చుకున్నాకే గర్భం ధరించడం మంచిది. 10 దాటితే వాయిదా వెయ్యమంటారు. వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించాలి. ఫోలిక్ యాసిడ్ కూడా ముందునుంచే వేసుకోవాలి. అది వెన్నుపాము లోపాలను తగ్గిస్తుందని 1991లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. 1940 దశకంలో అమెరికాలో దాన్ని తయారు చేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే.

మరి ముందునుంచే జాగ్రత్తపడాలంటే జబ్బు సంగతి ఇంట్లో తెలియాలి గదా! మా వాడకట్టు పిల్ల ఒకతె పెళ్లిలో దాచిన జబ్బును అత్తింట్లోనూ దాచింది. సూదిమందు సీసా బట్టల పెట్టె అడుగున. ఎవరన్నా గదిలో ఉంటే ఆ పూట సూది లేదు. మొదటి బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. నింద పిల్ల జాతకం మీద పడింది. ఏడాది తర్వాత మొగుడికి చెప్పేసింది. అతను రెండు రోజులు మాట్లాడలేదట, మూడోరోజు తనే దవాఖానకు తీసుకుపోయాడు. ఆర్నెల్లు చక్కెర అదుపు చేసుకున్నాకే నెల తప్పింది.

పుట్టిన ఆడపిల్ల రెండు కిలోల తొమ్మిది వందలు. చూడవచ్చిన అమ్మలక్కలు, "గింత సన్నగున్నదేందమ్మా?" అన్నారు. బాలింత నవ్వి, బిడ్డను రొమ్ముకు పట్టుకుంది.