పగటివేళ మూత్రము నిలువని బాలురు: చికిత్స నడచిన దారి

తరగతిలో నిక్కరు తడిసిన బాలుని చూచి తోడివారు నవ్వుదురు, పెద్దలు దండింతురు. అయిదేండ్లు నిండునప్పటికి పెక్కుమంది పిల్లలు పగటివేళ మూత్రమును ఆపుకొనగలుగుదురు. అటుపిమ్మటను బట్టలు తడియుచుండిన, అది సోమరితనమనియో మొండితనమనియో తలచుట వాడుక. ఈ తలంపు సరికాదని ఇరవయ్యవ శతాబ్దపు వైద్యులు క్రమముగా తెలిసికొనిరి.

మూత్రాశయము కండరములతో నేర్పడిన సంచి. అది నిండునప్పుడు సంచి సాగును. ద్వారమును మూయు కండరము బిగిసియుండును. విసర్జన సమయమున సంచి ముడుచుకొనును, ద్వారకండరము సడలును. ఈ పొందిక చెడినను, దారిలో అడ్డు ఏర్పడినను చిక్కు వచ్చును.

మొదట అడ్డు సంగతి తేటపడినది. 1919లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హ్యూ హాంప్టన్ యంగ్ తన సహచరులతో కలిసి, మగపిల్లల మూత్రనాళపు వెనుక భాగమున పుట్టుకతోనే ఉండు పలుచని పొరలను మూడు తరగతులుగా వర్ణించెను. ఇవి మూత్రమును అడ్డగించుటచే మూత్రాశయపు గోడ దళసరి అగును, మూత్రపిండములును చెడవచ్చును. ఈ పొరలను ఛేదించుటయే చికిత్స. నేడు సన్నని దర్శినిని మూత్రనాళము గుండా పంపి ఆ పని చేయుచున్నారు.

అయితే కొందరు బాలురలో అడ్డు లేదు, నాడులలో దోషమును లేదు. అయినను బట్టలు తడియుచుండెను. ఈ రహస్యమును 1973లో ఫ్రాంక్ హిన్‌మన్, బౌమన్ అను వైద్యులు వివరించిరి. సంచి ముడుచుకొను వేళనే ఆ బాలురు ద్వారకండరమును తెలియకయే బిగించుచుండిరి. లోపలి ఒత్తిడి పెరిగి మూత్రపిండములకు సైతము హాని కలుగుచుండెను. ఇట్టి తీవ్రస్థితి అరుదు. దీనికి కత్తి మందు కాదు. విసర్జించు పద్ధతిని తిరిగి నేర్పవలెను.

నేటి చికిత్సకు ఈ గ్రహింపు ఒక ఆధారము. మలబద్ధకమున్నచో ముందు దానిని పోగొట్టుదురు; ఏలయన నిండిన మలాశయము మూత్రాశయమును నొక్కును. పగలు రెండు మూడు గంటల కొకసారి, తొందరపడక, పూర్తిగా విసర్జించుట అలవాటు చేయుదురు. కొందరికి ద్వారకండరము బిగియుటను తెరపై చూపి, సడలించుట నేర్పుదురు. సంచి అదుపు తప్పి ముడుచుకొనుచున్న పిల్లలకు ఆక్సిబ్యుటినిన్ వంటి మందును వైద్యుడు పరీక్షించి ఇచ్చును.

ఇందు ఉపాధ్యాయునికిని పాత్ర కలదు. అడిగినపుడు బయటకు పోనీయనిచో బాలుడు బిగబట్టుకొనుటయే నేర్చును. మూత్రధార సన్నగానో తెగితెగియో వచ్చు బాలుని వైద్యునికి చూపింపుమని తలిదండ్రులకు చెప్పవలెను. బెత్తము ఈ కండరమును సడలింపజాలదు.