చట్టంలో లేని సెలవులు

ఏడాదిలో ఏ రోజుల్లో పనివాళ్లకు తప్పనిసరిగా సెలవివ్వాలో మెక్సికో కార్మిక చట్టం 74వ అధికరణం చెబుతుంది. జనవరి 1, ఫిబ్రవరి మొదటి సోమవారం, మార్చి మూడో సోమవారం, మే 1, సెప్టెంబరు 16, నవంబరు మూడో సోమవారం, డిసెంబరు 25, ఆరేళ్లకోసారి దేశాధ్యక్షులు మారే రోజు, ఎన్నికల రోజు. అంతే. ఈస్టర్‌కు ముందొచ్చే గురువారం గానీ గుడ్ ఫ్రైడే గానీ అందులో లేవు. అయినా ఆ రెండు రోజులూ బ్యాంకులు తెరవరు. బడులకు రెండు వారాలు సెలవు. ఎప్పుడూ కార్లతో కిక్కిరిసి ఉండే మెక్సికో నగరపు రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. చట్టం ఇవ్వని సెలవును ఇంత పెద్ద దేశం ఇంత ధీమాగా ఎట్లా తీసుకుంటోందన్నది ఇక్కడ కాపురం పెట్టినప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న.

నేను గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టాను. మట్టల ఆదివారం మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ వీధుల్లో తిరగడం, గుడ్ ఫ్రైడే నాడు మిట్టమధ్యాహ్నం ఏడు మాటల ఆరాధనలో మూడు గంటలు కదలకుండా కూర్చోవడం, ఆ రోజు ఇంట్లో గట్టిగా నవ్వకపోవడం, ఇదీ నేనెరిగిన పరిశుద్ధ వారం. అందులో షికారుకు చోటే లేదు. ఇక్కడ సెమానా సాంతా అని పిలిచే అదే వారంలో కొందరు సిలువ మోస్తారు, కొందరు ఈత దుస్తులు సర్దుకుని బస్సెక్కుతారు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. పోయినేడు అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చింది ఆ వారానికే. నాన్న హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఊరంతా బీచీలకు పోవడం చూసి, "వెనక భక్తి ఉండేదేమో అమ్మాయ్, ఇప్పుడు విహారం మిగిలింది" అన్నారు. ఇక్కడి పెద్దవాళ్ల నోటా నేను అదే మాట విన్నాను. నేను చదివిన చరిత్ర మాత్రం అట్లా చెప్పడం లేదు. మొక్కూ షికారూ ఈ వారంలో ఎప్పటినుంచో జంటగా ఉన్నాయి.

మట్టల ఆదివారానికి ముందొచ్చే శుక్రవారాన్నే తీసుకోండి. దుఃఖమాత పేరిట ఇంటింటా పీఠం పెట్టి పూలతో అలంకరించే రోజది. ఆ పూలు కొనడానికి పాత మెక్సికో నగర కుటుంబాలు తెల్లవారకముందే లా వీగా కాలువ దగ్గరికి చేరేవి. అడుగు చదునుగా ఉండే పడవలెక్కి సాంతా అనీతా అనే ఊరికి పోయి, తలమీద గసగసాల పూల కిరీటాలు పెట్టుకుని, ఆవిరికి ఉడికిన తమాలెలు తిని, పాటలు పాడుకుంటూ తిరిగొచ్చేవాళ్లు. కొన్నది దుఃఖమాతకు పూలు, చేసింది పడవ షికారు. ఈ రెంటికీ పొంతన లేదని వాళ్లు అనుకోలేదు. దియెగో రివేరా 1920లలో విద్యాశాఖ భవనం గోడ మీద ఆ కాలువ సంబరాన్ని చిత్రించాడు. కాలువను తర్వాత పూడ్చి రోడ్డు వేశారు. దాని మీద ఇప్పుడు బస్సులు నడుస్తాయి.

గురువారం నుంచి మాత్రం ఊరు మారిపోయేది. 1840లో ఇక్కడున్న స్పెయిన్ రాయబారి భార్య ఫానీ కాల్దెరోన్ తన ఉత్తరాల్లో ఆ రెండు రోజులనూ వర్ణించింది. గుర్రబ్బండ్లు తిరగకూడదు. ఎంత గొప్పింటి ఆడవాళ్లైనా నడిచే గుళ్లు చూడాలి. గంటలు మోగవు కాబట్టి వాటి బదులు మత్రాకా అనే చెక్క గిరకను గిరగిరా తిప్పి గరగరలాడిస్తారు. శనివారం పొద్దున గంట మోగగానే బండ్లన్నీ ఒక్కసారిగా వీధుల్లోకి వచ్చేవట. ఆమె ఉత్తరాలు 1843లో పుస్తకంగా వచ్చాయి. ఆ ఏడాది సంగతి మళ్లీ వస్తుంది.

ఇక రాజ్యం వైపు చూస్తే, చర్చి ఆస్తుల్నీ అధికారాన్నీ విరిచిన బెనీతో హువారెస్ 1859 ఆగస్టు 11న పండుగ రోజుల మీద ఒక చట్టం తెచ్చాడు. అప్పటిదాకా ఉన్న బోలెడు చర్చి పండుగల్ని కోసేసి కొద్ది రోజులే మిగిల్చాడు. అంత కోతలోనూ పరిశుద్ధ వారపు గురువారం, శుక్రవారం నిలిచాయి. 1874 డిసెంబరు 14 చట్టం వాటినీ తీసేసింది. పౌర సంఘటనల్ని స్మరించే రోజులే ఇకమీదట అధికార సెలవులని తేల్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా మెక్సికో చట్టం ఆ రెండు రోజులనూ తిరిగి చేర్చలేదు. 1926 జులై ఆఖరున, ప్రభుత్వంతో తగాదాలో బిషప్పులే గుళ్లలో ఆరాధన ఆపేశారు. 1929 జూన్‌లో రాజీ కుదిరేదాకా వచ్చిన మూడు ఈస్టర్లూ గుళ్లలో బహిరంగ పూజ లేకుండానే గడిచాయి. చట్టం తోడు లేదు, కొన్నేళ్లు గుడీ తోడు లేదు. వారం మాత్రం నిలిచింది. ఎవరు నిలబెట్టారో చూడాలంటే ఇస్తపలాపాకు పోవాలి.

ఇస్తపలాపా ఒకప్పుడు సరస్సు ఒడ్డున చినాంపా తోటల మధ్య ఉన్న ఊరు. ఇప్పుడు మెక్సికో నగరంలో కలిసిపోయింది. 1833లో అక్కడికి కలరా వచ్చింది. 1817లో బెంగాల్‌లో మొదలై ప్రపంచం మీద పడిన ఆ జబ్బు, రెండో విడతలో ఐరోపా దాటి, సముద్రం దాటి మెక్సికో చేరింది. ఇంటింటా శవాలు లేస్తుంటే ఊరివాళ్లు కొండ కింద గుహలో ఉన్న క్రీస్తు విగ్రహం ముందు మొక్కుకున్నారు. జబ్బు తగ్గింది. మొక్కు తీర్చుకోవడానికి 1843లో క్రీస్తు శ్రమలను తామే నటించి చూపడం మొదలుపెట్టారు. ఎనిమిది పేటల వాళ్లే నటులు. క్రీస్తు వేషం కట్టే కుర్రాడు ఆ పేటల్లోనే పుట్టి పెరిగి ఉండాలి, పెళ్లి కాకూడదు, నడవడి మంచిదై ఉండాలి. అతను మోసే సిలువ దాదాపు 90 కిలోలుంటుంది.

1833 అనగానే నాన్న ముఖం మారింది. మా జిల్లాలో నందన కరువొచ్చిన సంవత్సరం అది. డొక్కల కరువని మా నాయనమ్మ అనేది. గుంటూరు సీమలో లక్షమందికి పైగా పోయారు, ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1842లో, అమెరికా నుంచి హయ్యర్ అనే లూథరన్ పాదిరి గుంటూరుకు వచ్చారు. మా కుటుంబాల ఆరాధన మొదలైంది ఆయనతోనే. ఇక్కడ మొక్కు నాటకం మొదలైంది ఆ మరుసటేడు. ఒకదానికొకటి సంబంధం లేని ఈ తేదీల్ని నాన్న కాగితం మీద రాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

మా ఇంటిపనిలో సాయం చేసే ఆవిడ ఇస్తపలాపా ఆవిడే. "ఆ వారం నేను రాను, మీరే మా ఇంటికి రండి" అని నెల ముందే చెప్పింది. శుక్రవారం పొద్దున మెట్రో దిగి ఆమె ఇంటికి వెళ్లేసరికి, వాళ్ల తమ్ముడు ఊదారంగు అంగీ వేసుకుని, చెప్పులు లేకుండా, సొంత సిలువతో సిద్ధంగా ఉన్నాడు. వీళ్లను నసరేనోలంటారు. ప్రధాన పాత్రలకు ఎంపికలుంటాయి, నసరేనోకు మొక్కు ఒక్కటే అర్హత. వేలమంది అట్లా నడుస్తారు. తల్లి జబ్బు తగ్గాలని ఒకడు, తాగుడు మానినందుకు ఒకడు. ఈ ఊరికి ఏప్రిల్ ఎండ తక్కువేమీ కాదు. తారు కాలుతుంటే, ఇళ్లముందున్న వాళ్లు బకెట్లతో నీళ్లు తెచ్చి వాళ్ల దారిలో గుమ్మరించారు. నా ముందు నుంచి పోయిన ఒక కుర్రాడి అరికాళ్లకు కట్టిన గుడ్డ ఊడిపోయి, చీలమండ దగ్గర వేలాడుతోంది. అతను ఆగలేదు. పక్కన నడుస్తున్న అతని అక్క కాబోలు, వంగి ఆ గుడ్డ లాగేసి తన సంచిలో వేసుకుంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడు మాటల ఆరాధనలో కూర్చున్నప్పటి నిశ్శబ్దం ఆమె ముఖంలో కనిపించింది. చుట్టూ మాత్రం సంత. మామిడికాయ ముక్కల మీద కారం చల్లి అమ్మేవాళ్లు, బెలూన్లవాళ్లు, నిచ్చెన మీద నిలబడి చూడటానికి డబ్బు తీసుకునేవాళ్లు.

నసరేనోలు ఎక్కే కొండ, సెర్రో దె లా ఎస్త్రేయా, క్రీస్తు మాట ఈ నేలకు రాకముందే పవిత్రమైనది. 52 ఏళ్లకోసారి ఊళ్లలో నిప్పంతా ఆర్పేసి, ఆ కొండ మీద కొత్త నిప్పు రాజేసి, దాన్ని అన్ని ఊళ్లకూ పంచేవాళ్లు. ఆఖరిసారి అట్లా జరిగింది 1507లో. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జనాన్ని రానివ్వకుండా, మూసిన తలుపుల వెనక నాటకం ఆడి టీవీలో చూపారు. మహమ్మారి నుంచి పుట్టిన మొక్కును ఇంకో మహమ్మారిలో మానుకోవడం ఆ ఎనిమిది పేటలకు మనసొప్పే పని కాదు.

మధ్యాహ్నం ఆవిడ ఇంట్లోనే భోజనం. మాంసం ముట్టని రోజు కాబట్టి మోలే పులుసులో ఉడికిన రొమెరీతోస్ అనే ఆకుకూర, ఎండురొయ్యల పొడితో చేసిన వడలు, బంగాళాదుంపలు, నాగజెముడు ముక్కలు. సన్నగా సూదుల్లా ఉన్న ఆ ఆకు ఒకటి తుంచి నమిలి, "ఇది మన ఇలకూర కదే!" అంది అమ్మ. ఆమె పుట్టిల్లు చీరాల దగ్గర, సముద్రం పక్కన. అనుమానమొచ్చి తర్వాత చూశాను. రెండూ సుయేదా జాతి మొక్కలే, ఉప్పునేలను తట్టుకునేవి. ఇక్కడ సరస్సు ఇంకిన చౌడులో, త్లావాక్ వైపు పండిస్తారు. మన తీరాన 1791-93 కరువులో ఆ ఆకు ఒక్కటే వేల ప్రాణాలు నిలిపిందని వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ రాసిపెట్టాడు. ఒకచోట తిండి దొరక్క తిన్నది, ఇంకోచోట ఉపవాసమని కోరి తింటున్నారు. అమ్మ రెండోసారి వడ్డించుకుంది.

శనివారం సంగతి వేరు. ఆ రోజు జూదాల్ని, అంటే క్రీస్తును అప్పగించిన యూదా పేరిట చేసే బొమ్మల్ని, కాలుస్తారు. సాన్ ఆంహెల్‌లో రివేరా పనిచేసిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ కార్మెన్ కబయేరో ఆయన కోసం చేసిన నిలువెత్తు జూదాలున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే పనితనం తెలుస్తుంది. రెల్లుబద్దలు చీల్చి కట్టిన గూడు, దాని మీద పిండిబంకతో పొరలు పొరలుగా అతికిన కాగితం, పైన సున్నం, రంగులు. కాల్చడానికి చేసిన వాటికైతే నడుం చుట్టూ, చేతుల వెంట టపాకాయలు చుడతారు. "నరక చతుర్దశి నాడు మన నరకాసురుడు!" అని నాన్న మురిసిపోయారు. కొమ్ముల దయ్యంతోపాటు జనానికి కోపం తెప్పించిన నాయకుల బొమ్మలూ కాల్చడం ఇక్కడ పాత అలవాటు. వింత జంతువుల అలెబ్రిహెలకు పేరు తెచ్చిన పెద్రో లినారెస్ ఈ జూదాల పనిలో పెరిగినవాడే. వాళ్ల కుటుంబం ఆ విద్యను నేటికీ వదల్లేదు. వెనక శనివారం ఉదయం గుడిగంట మోగగానే ఊరంతా ఒకేసారి పేలేవి. పోప్ పన్నెండో పయస్ సంస్కరణలతో 1956 నుంచి ఈస్టర్ ఆరాధన రాత్రికి మారింది. పొద్దుటి గంట పోయేసరికి పేలుళ్లకు అదను తప్పింది. నగరంలో ఇప్పుడు కొన్ని వీధుల్లోనే చూస్తాం. ఆ రోజే ఒకరి మీద ఒకరు నీళ్లు గుమ్మరించుకునే ఆటకు కూడా, నీటి కరువున్న ఈ ఊళ్లో జరిమానా వేస్తున్నారు. నీళ్ల సంగతి సరే. జూదాల విద్య మాత్రం పోకూడదని నా గట్టి కోరిక.

బీచీల సంగతికొస్తే, అది ఈ వారానికి చివర్లో కలిసిన పాయ. 1565 నుంచి 1815 దాకా మనీలా ఓడలు పట్టుబట్టలతోపాటు మన కోరమాండల్ తీరపు నూలుబట్టలూ తెచ్చి దింపిన రేవు అకపుల్కో. రాజధాని నుంచి అక్కడికి కంచరగాడిదల దారే ఉండేది. కారు పోయే రోడ్డు 1927లో తెరుచుకుంది. 1946-52 మధ్య అధ్యక్షుడిగా ఉన్న మిగెల్ అలెమాన్ ఆ ఊరిని విహారకేంద్రంగా పెంచాడు. సరిగ్గా ఆ కాలంలోనే గుమాస్తాలకు, ఫ్యాక్టరీవాళ్లకు చేతిలో కాస్త డబ్బూ, బడి సెలవుల వారమూ దొరికాయి. లా వీగా కాలువ మూసుకుపోయింది, సముద్రం తెరుచుకుంది. ఆదివారం మేమూ క్వెర్నవాకా దాకా వెళ్లి, మా పాపను ఈతకొలనులో దింపి, సాయంత్రానికి తిరిగొచ్చాం. కొలను గట్టున కూర్చున్న నాన్న భక్తి ఊసెత్తలేదు.

నాకు నచ్చనిది ఒకటే. చట్టంలో లేని సెలవు ఆఫీసు ఉద్యోగికి దొరికినంత తేలిగ్గా హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లకు, బస్సు నడిపేవాళ్లకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు దొరకదు. వాళ్లు యజమాని మంచితనం మీద ఆధారపడాలి. ఏడాది పని చేసినవాళ్లకు ఆరు రోజులే ఉన్న జీతపు సెలవును 2023 జనవరి 1 నుంచి పన్నెండుకు పెంచారు. ఇంటిపని వాళ్లకూ అది వర్తిస్తుంది. మా ఇంటికొచ్చే ఆవిడతో ఆ లెక్క మాట్లాడుకున్నప్పుడు ఆమె సూటిగా చెప్పింది: పన్నెండు రోజులూ డిసెంబరుకు, ఓహాకాలో ఉన్న కూతురి దగ్గరికి. సెమానా సాంతా ఆ లెక్కలోకి రాదు, అది వేరే. మేం ఒప్పుకున్నాం. ఆ వారం జీతం ముందుగానే ఇచ్చేస్తున్నాం.