పక్షి దేహం – ఎగిరే శక్తి: ఒక భావన చరిత్ర

ఉపోద్ఘాతం:

ఖగం అంటే ఆకాశంలో సంచరించేది. విహంగం అన్న పదానికీ అర్థం అదే. పక్షాలు, అంటే రెక్కలు, కలిగినది పక్షి. ఈ పేర్లన్నీ ఆ ప్రాణిని ఎగిరే శక్తితోనే నిర్వచిస్తున్నాయి. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు కూడా 'పక్షి దేహం ఎగరడానికి అనువుగా నిర్మితమైంది' అనే వాక్యంతోనే పాఠాన్ని ఆరంభిస్తుంటాయి. ఈ వాక్యంలోని ప్రయోజనార్థం ఎక్కడి నుంచి వచ్చింది? నేటి శాస్త్రజ్ఞానం ముందు అది ఎంతవరకు నిలుస్తుంది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

1. ప్రయోజన దృష్టి:

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువుల గమనాన్ని గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. అందులో పక్షి తోకను ఓడ చుక్కానితో పోల్చాడు. పొడవైన కాళ్లు, పొట్టి తోక గల పక్షులు ఎగిరేటప్పుడు కాళ్లను వెనక్కి చాచి తోకకు బదులుగా వాడుకుంటాయని వివరించాడు. ప్రకృతి ఏదీ వృథాగా చేయదన్నది ఆయన మూలసూత్రం. 13వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ డేగవేటపై రాసిన గ్రంథంలో, తన పరిశీలనకు విరుద్ధంగా తోచిన చోట అరిస్టాటిల్‌ను బాహాటంగానే ఖండించాడు. ప్రామాణిక గ్రంథం కంటే కంటితో చూసినదానికి విలువ పెరగడం ఇక్కడ గమనించదగిన పరిణామం.

2. యంత్ర దృష్టి:

లియొనార్డో డావిన్చి 1505 ప్రాంతంలో పక్షుల గమనంపై రాసుకున్న పుస్తకంలో గరిమనాభిని, గాలి ఒత్తిడిని చర్చించాడు. బొరెల్లీ మరణానంతరం 1680లో వెలువడిన 'జంతువుల చలనం' పక్షిని సంపూర్ణంగా యంత్రంగా చూసింది. రెక్కలు ఆడించే కండరాలు పక్షి బరువులో ఆరోవంతుకు తక్కువ కావనీ, మనిషిలో తత్సమాన కండరాలు నూరోవంతు కూడా లేవనీ, కాబట్టి మానవుడు స్వశక్తితో ఎగరలేడనీ ఆయన వాదించాడు. 1774లో జాన్ హంటర్ పక్షి ఎముకల్లోని కుహరాలకు ఊపిరితిత్తులతో సంబంధం ఉందని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. 1889లో ఒట్టో లిలియెంథాల్ కొంగల రెక్కల వంపును కొలిచి, ఆ వంపే గాలిలో నిలిపే బలానికి కీలకమని ప్రకటించాడు. తాను నిర్మించిన గ్లైడర్లపైనే ప్రయోగాలు సాగించి, 1896లో అలాంటి ఒక ప్రయోగంలోనే కూలి ప్రాణాలు కోల్పోయాడు.

3. పరిణామ దృష్టి:

1861లో జర్మనీలో లభించిన ఆర్కియాప్టెరిక్స్ శిలాజం ప్రశ్న స్వరూపాన్నే మార్చివేసింది. దానికి ఈకలున్నాయి, సరీసృపాలకున్నట్టు పొడవైన ఎముకల తోక, రెక్కలకు గోళ్లు కూడా ఉన్నాయి. థామస్ హక్స్‌లీ పక్షులకు డైనోసార్లతో గల దగ్గరి పోలికలను చూపాడు. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో జాన్ ఆస్ట్రమ్ ఆ వాదాన్ని పునరుద్ధరించాడు. 1996లో చైనాలో వెలుగుచూసిన సైనోసారోప్టెరిక్స్ నేలపై పరుగెత్తే డైనోసార్, ఎగరలేదు. అయినా దాని దేహంపై ఈకలవంటి పోగులున్నాయి. బోలు ఎముకలు, రెండు జత్రుకలు కలిసి ఏర్పడిన ఎముక కూడా ఎగరలేని డైనోసార్లలో కనిపించాయి. అంటే ఇవేవీ ఎగరడం కోసం పుట్టినవి కావు. ఒక పనికి ఏర్పడి మరొక పనికి వినియోగంలోకి వచ్చిన ఇటువంటి లక్షణాలకు వేరే పేరు ఉండాలని 1982లో గూల్డ్, వర్బా ప్రతిపాదించారు.

4. 'తేలిక ఎముకల' పునర్విచారణ:

పక్షుల అస్థిపంజరం దేహపు బరువులో ఎంత భాగమో 1979లో ప్రాంజ్ బృందం లెక్కగట్టగా, అది క్షీరదాల నిష్పత్తికి దాదాపు సమానమని తేలింది. పక్షి ఎముక పలుచని గోడలు గలదే కాని, ఆ గోడల పదార్థం సాంద్రమైనది. పైగా ఎగరలేని నిప్పుకోడి తొడ ఎముకలో గాలి ఉంటుంది. ఎగరగల లూన్ వంటి మునిగే పక్షుల ఎముకల్లో దాదాపు ఉండదు. గాలితిత్తుల ప్రధాన కార్యం ఊపిరితిత్తుల గుండా గాలిని ఒకే దిశలో నడిపించడం.

అయితే ప్రతి లక్షణమూ అరువు తెచ్చుకున్నదే అనడం కూడా అతివ్యాప్తి. రొమ్ము ఎముకపై లేచిన గట్టు ఎగిరే కండరాలకు ఆధారం. నిప్పుకోడిలో అది లోపించింది. నీటిలో రెక్కలాడించే పెంగ్విన్‌లో మాత్రం నిలిచింది. వినియోగమే నిర్మాణాన్ని నిలబెడుతుందనడానికి ఇది నిదర్శనం.

ముగింపు:

ఒకే దేహాన్ని అరిస్టాటిల్ ప్రయోజనంగా, బొరెల్లీ యంత్రంగా, హక్స్‌లీ అనంతర పరిశోధకులు వంశచరిత్రగా చదివారు. పాఠ్యపుస్తకం మాత్రం మూడో దశ నిర్ణయాలను మొదటి దశ భాషలోనే చెబుతున్నది. 'ఎగరడానికి నిర్మితమైంది' అనడానికి బదులు, 'పూర్వం నుంచి ఉన్న నిర్మాణాలు ఎగరడంలో వినియోగపడి, ప్రకృతి వరణం వల్ల మరింత మెరుగుపడ్డాయి' అని బోధించడం శాస్త్రసమ్మతం. వాక్యం కొంత పొడవైనా, విద్యార్థికి పరిణామ సిద్ధాంత సారం అందులోనే అందుతుంది.