అపవాదములకును సూత్రము కలదు

మారిన ప్రతి ధ్వనియు చెడిన ధ్వనియే యని మనలో పెక్కురు తలంచుచున్నారు. చదువురానివాని పలుకు విన్నంతనే దానిని అపభ్రంశమని త్రోసివేయుట విద్యావంతుల కొక యలవాటు. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో చూచుటకై, ఇంగ్లీషు పుట్టిన జర్మానిక భాషాకుటుంబపు చరిత్రనుండి యొక ఘట్టమును చదువరుల ముందుంచుచున్నాము.

సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి పుట్టియుండునని విలియం జోన్సు 1786లో కలకత్తాలో చెప్పెను. జర్మానిక భాషలును ఆ వంశములోనివే. అట్లయినచో 'పితృ' శబ్దములోని పకారమునకు ఇంగ్లీషు 'ఫాదర్'లో ఫకార మేల వచ్చెను? డేను పండితుడు రాస్మస్ రాస్కు 1818లోను, జర్మను పండితుడు యాకోబ్ గ్రిమ్ము 1822లోను దీనికి సమాధానము ప్రకటించిరి. మారినది ఒక్క మాట కాదు, హల్లుల వరుసలే మారినవి. పరుషములు ఊష్మములైనవి: పద–ఫుట్, త్రి–థ్రీ. సరళములు పరుషములైనవి: యుగ–యోక్, దశ–టెన్. ఘ, ధ, భలు ప్రాణము కోల్పోయి సరళములైనవి: మధు–మీడ్, భ్రాతృ–బ్రదర్.

అయినను సూత్రమునకు లొంగని మాటలు మిగిలెను. సంస్కృతమున 'పితా', 'భ్రాతా' అను రెంటను తకారమే యున్నది. ప్రాచీనమగు గోతిక భాషలో నన్ననో 'ఫదర్', 'బ్రోథర్' అని రెండు తీరులు. నేటి ఇంగ్లీషున రెండును ఒక్క తీరున వినబడుట తరువాత కలిగిన మార్పు. జర్మనులో 'ఫాటర్', 'బ్రూడర్' అని భేదము నేటికిని నిలిచియున్నది.

ఈ చిక్కును విప్పినవాడు డేనుదేశీయుడే యగు కార్ల్ వెర్నరు. 1877లో అచ్చయిన యాతని వ్యాసమునకు ముఖ్యసాక్షి మన వేదస్వరము. వేదమున 'భ్రాతా'కు ఉదాత్తము మొదటి యచ్చుపై నుండును. 'పితా'కు తుది యచ్చుపై నుండును. ఉదాత్తమునకు వెంటనే తరువాత వచ్చిన ఊష్మము చెక్కుచెదరలేదు. అట్లు కానిచోట, పదమధ్యమున, అది నాదము పొంది సరళమువైపు జారెను. సకారము ఇట్లే నాదము పొంది, తుదకు రేఫమయ్యెను. మన బడిపిల్లలు వల్లించు 'వాజ్', 'వేర్' అను క్రియారూపములలో మొదటిదానిని సకారముతో వ్రాయుటకును, రెండవదానిలో రేఫముండుటకును కారణమిదియే. సంస్కృతమునను ఏకవచనమగు 'ఉవాస'లో ఉదాత్తము ధాతువుపైని, బహువచనమగు 'ఊషుః'లో ప్రత్యయముపైని కలదు.

పిమ్మట జర్మానిక భాషలలో ఊనిక పదాదికి మరలెను. కారణము మాసిపోయి కార్యము మాత్రము మిగిలెను. లౌకిక సంస్కృతమునను ఆ స్వరము లోపించెను. వేదపాఠకులు తరతరములుగా స్వరము తప్పక వల్లించుటచేతను, పాణిని దానికి సూత్రములు రచించుటచేతను ఆ సాక్ష్యము లోకమునకు దక్కినది.

ఈ మార్పులను ఏ రాజును శాసింపలేదు, ఏ వైయాకరణుడును కల్పింపలేదు. వ్రాత యెరుగని జనుల నోళ్లలో, వారికే తెలియకుండ, ఇంత నియమముతో జరిగినవి. 'నీవు తలచితివి' అనునది 'నీవు దలచితివి' యగుటను చదివిన తెలుగువారికి పరుషము సరళమగుట వింత గాదు. మన వ్యాకరణమున కెక్కిన మార్పును సంధి యని గౌరవించి, పొలమున వినబడు మార్పును తప్పని నిందించుట న్యాయమా? పల్లెబిడ్డ పలుకును ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు ముందు, అట్టి పలుకులు మరి పదింటిని ప్రోగుచేసి, వాని నడుమ నేమి నియమమున్నదో ఉపాధ్యాయులు విచారింపవలెనని మా మనవి.